పుచ్చుకున్నవారి మాట కూడా వినండి: రిజర్వు బ్యాంకుకు, ఎన్‌పీసీఐకి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన భారతీయ రిజర్వు బ్యాంకు చెల్లింపుల విభాగం అధికారులకు, యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ (ఎన్‌పీసీఐ) నిర్వాహకులకు,

వాడిన ఫోనునో, ల్యాప్‌టాప్‌నో, కెమెరానో ఒక మనిషి మరొక మనిషికి ముఖాముఖిగా అమ్మి, సొమ్మును యూపీఐ ద్వారా పుచ్చుకున్న తరువాత తలెత్తుతున్న వివాదాల గురించి ఈ లేఖ రాస్తున్నాను. నేను బ్యాంకు ఉద్యోగం చేసి విరమించినవాడిని. సికింద్రాబాద్‌లో ఉంటాను. బ్యాంకుకో పోలీసులకో అర్జీ పెట్టుకోవలసి వచ్చినప్పుడు ఇరుగుపొరుగువారు నా చేత రాయించుకుంటూ ఉంటారు. ఒకప్పుడు ఆ అర్జీలు తిరిగి వచ్చిన చెక్కుల గురించి, ఏటీఎంలో రాని నోట్ల గురించి ఉండేవి. ఈ మధ్య వస్తున్నవాటిలో ఒక తీరువి పదే పదే కనిపిస్తున్నాయి: వస్తువు అమ్మాను, డబ్బు వచ్చింది, ఇప్పుడు నా ఖాతా ఆగిపోయింది.

వారిలో ఒకరి సంగతి పేరు లేకుండా చెబుతాను. అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్న ఒక అమ్మాయి తన ట్యాబ్లెట్‌ను అమ్మకానికి పెట్టింది. కొనడానికి వచ్చిన యువకుడు మెట్రో స్టేషన్ దగ్గర దాన్ని తీరిగ్గా పరీక్షించాడు. తెర మీద గీతలున్నాయేమో చూశాడు, ఛార్జరు పెట్టించి చూశాడు, కెమెరాతో ఫోటోలు తీశాడు, పాట పెట్టి విన్నాడు, బేరమాడి ధర తగ్గించుకున్నాడు, చివరికి 18,000 రూపాయలు యూపీఐలో పంపి వస్తువు పట్టుకెళ్ళాడు. వారం దాటాక స్పీకరు గరగరమంటోందని, డబ్బంతా వెనక్కి పంపాలని సందేశం పెట్టాడు. తాను ఇచ్చేటప్పుడు బాగానే ఉందని, కావాలంటే రిపేరు ఖర్చులో సగం భరిస్తానని ఆమె జవాబిచ్చింది. అంతవరకు అది ఇద్దరి మధ్య తేలవలసిన బేరం తగాదా మాత్రమే. ఆ తరువాత అతను సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి, ఆన్‌లైన్‌లో మోసపోయానని ఫిర్యాదు నమోదు చేయించాడు. ఆమె హాస్టల్ ఫీజు కట్టబోతే చెల్లింపు జరగలేదు. బ్రాంచికి వెళితే, సైబర్ పోలీసుల నుంచి వచ్చిన సూచన మేరకు ఖాతా మీద లియన్ వేశామని, అంటే సొమ్ము తీయకుండా ఆపామని, ఫలానా పోలీస్ స్టేషన్ నుంచి అభ్యంతరం లేదన్న లేఖ తెస్తే తప్ప తామేమీ చేయలేమని చెప్పారు. ఫిర్యాదులో ఏముందో ఆమెకు చూపించినవారు లేరు. ఆమె ఫోనులో ఉన్న చాట్‌ను, ఫోటోలను చూస్తామన్నవారూ లేరు.

ఈ లేఖను 1930 వ్యవస్థ మీద ఫిర్యాదుగా చదవవద్దని ముందే మనవి చేస్తున్నాను. 2021లో 155260 నంబరుతో మొదలై, మరుసటి ఏడు 1930గా మారిన ఈ ఏర్పాటు ఎంత అవసరమో బ్యాంకులో పనిచేసినవాడిగా నాకు తెలుసు. అంతకుముందు మోసపోయిన ఖాతాదారు బ్రాంచికి వచ్చి, అక్కడి నుంచి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి, లేఖ పట్టుకుని మళ్ళీ బ్రాంచికి వచ్చేలోపు సొమ్ము నాలుగైదు ఖాతాలు దాటిపోయేది. ఇప్పుడు ఫోను చేసిన కాసేపటికే ఆ లావాదేవీ వివరాలు సొమ్ము చేరిన బ్యాంకు ముందుకు వస్తాయి. సొమ్ము ఇంకా అక్కడే ఉంటే ఆ బ్యాంకు ఆపుతుంది, ముందుకు కదిలిపోయి ఉంటే ఆ తరువాతి బ్యాంకుకు సమాచారం వెళుతుంది. ఈ వేగం వల్లే ఎందరో పెద్దవారి జీవితకాలపు పొదుపు మిగిలింది. ఆ వేగాన్ని ఒక్క నిమిషం కూడా తగ్గించమని నేను అడగడం లేదు. సొమ్మును ఆపిన తరువాత ఏం జరుగుతోందన్నదే నా ప్రశ్న.

ఆ ప్రశ్న మూలం యూపీఐ నిర్మాణంలోనే ఉంది. 2016 నుంచి మనం వాడుతున్న ఈ పద్ధతిలో ఇచ్చేవారి సమ్మతిని సాధారణంగా పిన్ రూపంలో అడుగుతారు. పుచ్చుకునేవారి సమ్మతిని ఎవరూ అడగరు. నా నంబరో క్యూఆర్ కోడో తెలిసిన ఎవరైనా నాకు డబ్బు పంపవచ్చు. అది ఎవరి సొమ్మో, ఎందుకు వచ్చిందో చూసుకుని వద్దనే వీలు నాకు లేదు. చెల్లింపు పూర్తయ్యాక బ్యాంకుల దగ్గర మిగిలేది ఎవరు, ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్న నాలుగు వివరాలే. ఎందుకన్నది ఎక్కడా ఉండదు. నోట్ రాసుకునే చిన్న గడి ఉన్నా దాన్ని నింపేది కూడా ఇచ్చేవారే, అదీ వారికి ఇష్టమైతేనే. ఇలా ఒకే వైపు సమ్మతితో, ఒకే వైపు వివరంతో నమోదైన లావాదేవీ మీద వివాదం వచ్చినప్పుడు కూడా వ్యవస్థ సహజంగానే ఒకే వైపు మాట వింటోంది. అమ్మినవారి చేతిలో ఎంత సాక్ష్యం ఉన్నా దాన్ని ఎక్కడ పెట్టాలో వారికి తెలియదు, ఎందుకంటే అలాంటి చోటును ఎవరూ వారికి చూపించలేదు.

కొన్నవారిని దుర్మార్గులుగా చూపడం నా ఉద్దేశం కాదు. వాడిన వస్తువు కొనడంలో వారికి ఎదురయ్యే కష్టాలు తక్కువేమీ కావు. ఇంటికి తీసుకెళ్ళాక పాత యజమాని ఖాతాతో లాకై ఉన్న ఫోను, ఈఎంఐ బకాయి ఉండి ఫైనాన్స్ కంపెనీ దూరం నుంచే తాళం వేసిన ఫోను, దొంగిలించారని నమోదై ఏ సిమ్మూ పనిచేయని ఫోను, నీళ్ళలో పడి పైపైన బాగుచేసిన ల్యాప్‌టాప్ అంటగట్టేవారు ఉన్నారు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ (సీటీసీ)లోనో దుకాణంలో కొంటే కొన్ని రోజుల చెకింగ్ వారంటీ అని నోటి మాటగానైనా ఒక హామీ ఉంటుంది, తిరిగి వెళ్ళి నిలదీయడానికి ఒక గుమ్మం ఉంటుంది. మెట్రో స్టేషన్ దగ్గర కొన్నవారికి ఆ గుమ్మం కూడా లేదు.

మరి అలాంటివారు న్యాయంగా ఎక్కడికి వెళ్ళాలి? వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళలేరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం చేసేవారిని దృష్టిలో పెట్టుకున్నది, 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలైతే వృత్తిగా కాకుండా వ్యక్తిగత హోదాలో జరిపే పనికి వర్తించవని స్పష్టంగానే చెబుతున్నాయి. చెల్లింపు యాప్‌లో వివాదం నమోదు చేద్దామంటే, అది ప్రధానంగా సాంకేతిక లోపాల కోసం ఏర్పడినది. ఒక ఖాతాలో డబ్బు తెగి రెండో ఖాతాలో పడకపోతే మరుసటి రోజుకల్లా తిరిగి జమ చేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో ఆదేశించింది. అది మంచి ఆదేశమే కానీ, డబ్బు సరిగ్గా చేరి వస్తువు సరిగ్గా లేనప్పుడు దానితో పని లేదు. అనధికార లావాదేవీల్లో ఖాతాదారు బాధ్యతను పరిమితం చేసిన 2017 నాటి ఉత్తర్వు కూడా ఇక్కడ వర్తించదు, కొన్నవారు తమ పిన్ తామే నొక్కారు కనుక. బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్ చూసేది బ్యాంకు సేవలో లోపాన్ని, స్పీకరులో లోపాన్ని కాదు. మిగిలింది సివిల్ కోర్టు. 18,000 రూపాయల ట్యాబ్లెట్ కోసం దావా వేసేవారు ఎవరుంటారు?

అన్ని తలుపులూ మూసి ఉన్నచోట తెరిచి ఉన్న ఒక్క తలుపునే అందరూ తడతారు. ఆ తలుపు 1930. నేరం జరిగితే వెళ్ళవలసిన చోటికి, నాణ్యత తగాదాలో ఉన్నవారు కూడా వెళుతున్నారంటే వారంతా అబద్ధాలకోరులని కాదు, వారికి వేరే చోటు చూపించలేదని అర్థం. విచిత్రమేమిటంటే, ఇటువంటి తగాదాలకు సరిపోయే చట్టం మనకు ఎప్పటినుంచో ఉంది, దాని సంవత్సరం కూడా 1930యే. ఆ ఏటి వస్తు విక్రయ చట్టం, కొనేవారికి సరుకు పరిశీలించుకునే హక్కు ఇచ్చింది, చెప్పిన వర్ణనకు సరుకు సరిపోవాలంది, తీసుకున్నాక తగిన సమయం గడిచినా తిరస్కరించకుండా తమ దగ్గరే ఉంచుకుంటే ఆమోదించినట్టేనంది, ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప నాణ్యతకు అమ్మేవారి పూచీ దానంతట అదే పుట్టదనీ అంది. ఆ అమ్మాయి వివాదంలో తేల్చవలసినవన్నీ ఈ ప్రశ్నలే. 1930 నంబరుకు ఫోను చేస్తే మాత్రం 1930 చట్టం అడిగే ప్రశ్న ఒక్కటీ ఎవరూ అడగరు.

ఇక రెండో రకం వివాదం ఉంది. ఇందులో కొన్నవాడే మోసగాడు. ఎవరినో బెదిరించో, నమ్మించో కాజేసిన సొమ్మును ఖాతాలో ఉంచుకుంటే పట్టుబడతాడు కనుక దాన్ని త్వరగా వస్తువుగా మార్చుకోవాలి. వాడిన ఐఫోనో, గేమింగ్ ల్యాప్‌టాపో అందుకు చక్కగా సరిపోతుంది, మళ్ళీ గంటలో అమ్ముకోవచ్చు. అటువంటివాడు పెద్దగా బేరమాడడు, బిల్లు అడగడు, "మా తమ్ముడి ఖాతా నుంచి వేయిస్తాను" అంటాడు. అమ్మినవారి ఖాతాలోకి సొమ్ము నిజంగానే వస్తుంది. నకిలీ స్క్రీన్‌షాట్ గురించి జాగ్రత్తపడి, బ్యాంకు సందేశం వచ్చేదాకా ఆగి, నిల్వ సరిచూసుకుని మరీ వస్తువు ఇచ్చినవారు కూడా ఇందులో చిక్కుకుంటారు. అసలు బాధితుడు ఎక్కడో వేరే రాష్ట్రంలో ఫిర్యాదు చేస్తాడు, ఆ సొమ్ము జాడ పట్టుకుని వచ్చిన సూచనతో ఇక్కడ అమ్మినవారి ఖాతా ఆగుతుంది. వస్తువూ పోయింది, సొమ్మూ అందదు. పైగా ఎన్నడూ చూడని ఊరి పోలీస్ స్టేషన్‌కు, రాని భాషలో ఫోను చేసి తాను దొంగను కానని చెప్పుకోవలసి వస్తుంది.

ఈ రెండు రకాలనూ వేరుచేసి చూడమని, రెండింటిలోనూ పుచ్చుకున్నవారి మాట వినే చోటు కల్పించమని కోరడమే ఈ లేఖ ఉద్దేశం. ఖాతాలు ఆపమని చెప్పేది పోలీసులు కదా, మాకేం సంబంధమని మీరు అనవచ్చు. ఆపేది మీ నియంత్రణలో ఉన్న బ్యాంకులు, ఆ సొమ్ము నడిచింది మీరు నడిపే దారిలో. స్వాధీనం చేసుకున్న ఆస్తి వివరాలను పోలీసు అధికారి వెంటనే మేజిస్ట్రేటుకు తెలపాలని పాత నేర విచారణ స్మృతిలోనూ ఉంది, 2024 జూలై నుంచి దాని స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 106వ సెక్షన్‌లోనూ ఉంది. ఖాతాదారుకు తెలిపే బాధ్యతను అంతే స్పష్టంగా బ్యాంకు మీద పెట్టడం మీ చేతిలోని పని.

అందుకని మొదట అడిగేది సందేశం. లియన్ వేసిన రోజే ఖాతాదారుకు ఎంత మొత్తం ఆగింది, ఏ లావాదేవీ వల్ల ఆగింది, ఆ లావాదేవీని గుర్తించే యూటీఆర్ నంబరేమిటి, ఫిర్యాదు నమోదు సంఖ్య ఏమిటి, ఏ పోలీస్ స్టేషన్ పరిధిలో ఉంది అన్న వివరాలు ఖాతాదారు ఎంచుకున్న భాషలో అందాలి. కొన్ని బ్యాంకులు ఏదో ఒక సందేశం పంపుతున్నాయి కానీ, "మీ బ్రాంచిని సంప్రదించండి" అన్న ఒక్క వాక్యం సమాచారం కాదు. బ్రాంచిలో కూర్చున్న ఉద్యోగికి కూడా అంతకు మించి తెర మీద కనిపించకపోవడం నేను చూశాను. అతని మీద కోపం తెచ్చుకుని లాభం లేదు.

ఆపే మొత్తం వివాదంలో ఉన్న మొత్తానికి మించకూడదు. పోలీసులు పేర్కొన్న మొత్తం వరకే పరిమితం కావాలని 2023లో కేరళ హైకోర్టు బ్యాంకులకు చెప్పింది. అది ఒక రాష్ట్రంలో కోర్టుకెక్కినవారికి దక్కిన ఊరటగా మిగిలిపోకుండా, దేశంలోని ప్రతి బ్యాంకు శాఖకూ రోజువారీ నియమం కావాలి. 18,000 కోసం నెల జీతమంతా ఆగిపోతే ఆ ఇంట్లో అద్దె, మందులు, పిల్లల ఫీజు అన్నీ ఆగుతాయి. మోసపోయిన బాధితునికి దానివల్ల అదనంగా ఒక్క రూపాయి కూడా చేరదు.

తరువాత, వివరణ ఇచ్చుకునే చోటు. బ్యాంకు యాప్‌లోనే, ఆగిన మొత్తం పక్కనే, ఖాతాదారు తన వద్ద ఉన్న చాట్, వస్తువు బిల్లు, ప్రతి ఫోనుకూ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు, అప్పగింత నాటి ఫోటో జతచేసే వీలుండాలి. ఆ వివరణ నేరుగా దర్యాప్తు అధికారి చూసే తెర మీదికి వెళ్ళాలి. సొమ్ము వివరాలు బ్యాంకు నుంచి బ్యాంకుకు గంటల్లో పరుగెత్తగలిగినప్పుడు, ఒక పీడీఎఫ్ అదే దారిలో తిరుగు ప్రయాణం చేయలేదా? ఫిర్యాదు తీసుకునేటప్పుడు కూడా మూడు ప్రశ్నలు చేర్చమని హోం శాఖ పరిధిలోని సైబర్ నేరాల సమన్వయ కేంద్రానికి మీరు సూచించగలరు: వస్తువు మీ చేతికి అందిందా, ఎదురుగా కలిసి పరీక్షించి తీసుకున్నారా, అది ఇప్పుడు ఎక్కడుంది. అందింది, పరీక్షించాను, నా దగ్గరే ఉంది అని జవాబు వచ్చిన ఫిర్యాదును ఆన్‌లైన్ దోపిడీల వరుసలో నిలబెట్టనక్కరలేదు. అబద్ధం చెబితే ఆ అబద్ధమూ నమోదవుతుంది.

వివాదం పుట్టకముందే చేయగలిగింది కూడా ఉంది, నిజానికి నాకు ఎక్కువ ఆశ దీని మీదే. పాత స్కూటరు అమ్మితే రవాణా శాఖ వారికి ఫారం 29, ఫారం 30 ఇస్తాం, చేతులు మారిన సంగతి ప్రభుత్వానికి తెలుస్తుంది. ఆ స్కూటరు కంటే ఖరీదైన ఫోను మాత్రం ఒక్క అక్షరం నమోదు లేకుండా చేతులు మారుతోంది. జాగ్రత్తపరులు ఎదుటివారి ఆధార్ నకలు తీసుకుని పెట్టుకోమని సలహా ఇస్తుంటారు. ముక్కూ మొహం తెలియనివారి చేతుల్లో ఆధార్ నకళ్ళు తిరగడం మరో రకం మోసానికి పునాది వేయడమేనని నా అభిప్రాయం. దానికి బదులు యూపీఐలోనే వ్యక్తుల మధ్య వాడిన వస్తువు అమ్మకం అనే ఒక ఐచ్ఛిక పద్ధతి పెట్టండి. అమ్మేవారు వస్తువు పేరు, ఐఎంఈఐ లేదా సీరియల్ నంబరు, తెలిసిన లోపాలు, ధర రాసి క్యూఆర్ కోడ్ తయారుచేస్తారు. కొనేవారు దాన్ని స్కాన్ చేసినప్పుడు ఆ వివరాలన్నీ కనిపిస్తాయి, చూసి, ఒప్పుకుని, పిన్ నొక్కుతారు. ఇద్దరి బ్యాంకుల్లోనూ అది రసీదుగా నిలుస్తుంది. ఎందుకన్న ఐదో వివరం అప్పుడు లావాదేవీలోకి వస్తుంది. ఫోను దొంగ సొత్తు జాబితాలో ఉందో లేదో 14422కి సందేశం పంపి తెలుసుకునే వీలు టెలికాం శాఖ ఇప్పటికే కల్పించింది, ఆ శాఖ పోర్టల్ సంచార్ సాథీలోనూ చూసుకోవచ్చు. ఆ తనిఖీ ఈ పద్ధతిలో దానంతట అదే జరిగితే కొనేవారి భయాల్లో ఒక పెద్దది తీరిపోతుంది.

అదే పద్ధతిలో, పంపుతున్న ఖాతా ఎవరి పేరున ఉందో అమ్మేవారికి ముందే కనిపించాలి. పుచ్చుకునేవారి అసలు పేరు, అంటే బ్యాంకు ఖాతాలో ఉన్న పేరే, చెల్లించేవారికి చూపాలని 2025లో ఎన్‌పీసీఐ యాప్‌లను ఆదేశించింది. అదే మర్యాద రెండో వైపుకూ కావాలి. ఎదురుగా నిలబడ్డ మనిషి ఒకరు, ఖాతా పేరు మరొకరిది అయినప్పుడు "ఈ చెల్లింపు నాకు వద్దు" అని నొక్కే బొత్తం అమ్మేవారికి ఉంటే, నేను రెండో రకమని చెప్పిన వివాదాల్లో కొన్ని అక్కడికక్కడే ఆగిపోతాయి.

ఇంకొక ఆలోచన కూడా మీ ముందు పెడుతున్నాను, ఇది చర్చించవలసినదే తప్ప రేపే అమలు చేయవలసినది కాదు. 2018లో యూపీఐ రెండో రూపంతో వన్ టైమ్ మ్యాండేట్, అంటే తరువాత జరిగే ఒక చెల్లింపుకు ముందుగానే అనుమతి ఇచ్చే పద్ధతి వచ్చింది. షేర్ల పబ్లిక్ ఇష్యూలకు యూపీఐతో దరఖాస్తు చేసేటప్పుడు సొమ్ము మన ఖాతాలోనే ఉంటూ ఆగి ఉండేది ఆ పద్ధతి వల్లే. వాడిన వస్తువుల అమ్మకానికీ దీన్ని వాడవచ్చు. కొనేవారి సొమ్ము ఒక రోజో రెండు రోజులో వారి ఖాతాలోనే ఆగి ఉంటుంది, ఆలోపు ఇద్దరూ కలిసి రద్దు చేసుకుంటే తప్ప గడువు ముగిశాక అమ్మినవారికి చేరుతుంది. కొన్నవారు వస్తువును తమ దగ్గరే ఉంచుకుని రద్దుకు పట్టుబడితే ఏమిటన్నది ఇందులో చిక్కు. వస్తువు తిరిగి అప్పగించినట్టు అమ్మినవారు తమ పిన్‌తో ధ్రువీకరిస్తేనే రద్దు చెల్లాలన్నది నా ప్రతిపాదన. అప్పుడు అమ్మినవారు మొండికేయవచ్చు, నిజమే. కానీ ఇద్దరి సంతకాలూ ఉన్న రసీదుతో లోక్ అదాలత్ ముందు నిలబడడం, ఏ కాగితమూ లేకుండా పరాయి రాష్ట్రపు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగడం కంటే మేలు. సైబర్ మోసాల్లో ఆగిన సొమ్మును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పించే పని తెలంగాణలో జరిగింది. అదే వేదిక చిన్న మొత్తాల అమ్మకపు తగాదాలకు పనికిరాకపోవడానికి కారణం నాకు కనిపించడం లేదు.

ఇవేవీ జరగకపోతే ఏమవుతుందో ఇప్పటికే కనిపిస్తోంది. నాకు తెలిసినవారిలో వాడిన వస్తువు అమ్మేవారు నగదు అయితేనే ఇస్తామంటున్నారు. కొనేవారు నోట్ల కట్ట జేబులో పెట్టుకుని అపరిచితుణ్ణి కలవడానికి భయపడుతున్నారు. మరికొందరు ఆ తలనొప్పి ఎందుకని ఫోనును బీరువాలో పడేస్తున్నారు. టీ కొట్టులో పది రూపాయలకు కూడా నమ్మిన యూపీఐని, పదివేల వస్తువు దగ్గర నమ్మలేకపోవడం దాని నిర్వాహకులుగా మీకూ ఇబ్బందికరమే.

పైన కోరినవాటిలో కొన్నింటికి సాంకేతిక మార్పులు కావాలి, కొన్నింటికి మరో మంత్రిత్వ శాఖతో సంప్రదింపులు కావాలి, వాటికి సమయం పడుతుందని ఒప్పుకుంటాను. ఖాతాదారుకు పూర్తి వివరాలతో సందేశం పంపడానికి మాత్రం ఒక సర్క్యులర్ చాలు. ఆ వివరాలన్నీ లియన్ వేసే క్షణానికే బ్యాంకు దగ్గర ఉంటాయి. ఆ సర్క్యులర్‌ను ఏ తేదీలోపు జారీ చేయగలరో, చేయలేకపోతే ఎందుకు చేయలేరో బహిరంగంగా తెలపవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
సికింద్రాబాద్.